పేట కథకు ఒక చోటు

ప్రశ్న: మా పేటలో పాత గ్రంథాలయం మూతపడి ఉంది. అందులో పేట చరిత్రతో సాంస్కృతిక కేంద్రం పెట్టాలని కుర్రాళ్లం అనుకుంటున్నాం. దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రంగులూ, బోర్డూ తర్వాత. ముందు నేల మీద పరిచేంత పెద్ద పేట పటం గీయండి.

ఇలా చేసినవాళ్లున్నారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవాళ్లకే అని ప్రకటించి, సుమారు 60 వేలమందిని వెళ్లగొట్టారు. 1994లో ఒక పాత చర్చిలో మ్యూజియం తెరిచారు. నేలంతా ఆ పేట పటం. వెళ్లిపోయినవాళ్లు వచ్చి తమ ఇల్లెక్కడుండేదో చూపించి పేర్లు రాశారు. ఇళ్లు కూల్చిన పనివాళ్లలో ఒకాయన దాచిన వీధి పేర్ల పలకలూ అక్కడికి చేరాయి.

మీ పటం మీద పెద్దవాళ్లను నిలబెట్టి మాట్లాడించండి. "ఇక్కడ చింతచెట్టు, దాని పక్కన సోడా కొట్టు" అంటూ వాళ్లే మొదలుపెడతారు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. పెళ్లి ఫొటోలు స్కాన్ చేసి ఆరోజే తిరిగిచ్చేయండి. వెనకాల కనిపించే దుకాణం బోర్డులు వధూవరులకన్నా ఎక్కువ చెబుతాయి. ఆడవాళ్లనూ, పేట చివరి వీధులవాళ్లనూ వదిలేస్తే మిగిలేది నలుగురు పెద్దమనుషుల చరిత్రే. ఆ మాట కటువుగానే చెబుతున్నాను.

ఏడుగురుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. భవనం ఎవరిదో తేల్చుకుని, వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే తాళం తీయండి.