పాత కెమేరా సంచిని బాగుచేయు విధము

కంపెనీవారి కాలమున, 1730 తరువాతి సంవత్సరములలో, చెన్నపట్నమందు చింతాద్రిపేటను నేతగాండ్ర కొరకే ఏర్పాటు చేసిరి. నేసిన గుడ్డను చలువ చేయువారు చాకలిపేటలో నుండిరి. ఆ ఉభయుల తెలివియు కావలసిన చిన్నపని యొకటి ఇప్పుడు మన ఇండ్లలోనికి వచ్చినది. చీరెల నమూనాలను ఫోటో తీసి దూరపు బేరగాండ్రకు పంపుట వాడుకైనది గదా. ఫోనుతో సరిపెట్టుకొనువారు ఎందరో ఉన్నను, జరీ వన్నె, అంచు పోగులు తేటగా రావలెనన్న మంచి కెమేరాయే మేలు. పాత కెమేరాతో పాటు పాత సంచియు వచ్చును. చిక్కంతయు ఆ సంచిలోనే యున్నది.

సముద్రపు తేమ కారణముగా ఈ పట్నమున సంచికి బూజు పట్టుట సులభము. అక్టోబరు మొదలు డిశంబరు వరకు వానల కాలములో మరీ ఎక్కువ. ఆ బూజు కటకమునకు ఎక్కినచో, అది విడిచెడి ఆమ్లము పైపూతను, ఆపైన గాజునే తినివేయును. తరువాత ఎంత తుడిచినను ఆ మచ్చ పోదు.

పాత సంచులు చాలవరకు దళసరి నూలు కాన్వాసువి. అది మనకు కొత్త గుడ్డ కాదు. సాదా నేతయే, జంటపోగులతో ఒత్తుగా నేసినది. మొదట సంచిని ఖాళీచేసి, కెమేరాకు దూరముగా, ఇంటి బయట పొడి బ్రష్షుతో బూజును దులుపవలెను. తడిపిన పిదప రుద్దినచో బూజు గుడ్డలోనికి మరింత దిగును. పిమ్మట ఒక నీటిచుక్క వేసి చూడుడు. చుక్క ముత్యమువలె నిలిచినచో అది మైనము పట్టించిన గుడ్డ. దానికి సబ్బు తగలరాదు, చల్లని నీటిగుడ్డతో తుడిచిన చాలును. చుక్క ఇంకినచో ఉతుకవచ్చును. ముందుగా తడి తెల్లగుడ్డను ఒక మూల అద్ది, రంగు దిగునేమో చూచుకొనవలెను. కుంకుడురసమును బాగుగా వడగట్టి చల్లనీటిలో కలిపి వాడుట మంచిది. వేడినీరు వలదు: మగ్గముపై బిగువుగా నిలిచిన పడుగు వేడికి ముడుచుకొని సంచి ఆకారమే చెడును. తెల్లపొడి క్లోరిను నూలును కొరికివేయును.

తోలుపట్టీలను నీట ముంచరాదు. ఇనుప బకిలు తుప్పు తోలునకు తగిలినచోట నల్లమచ్చ పడును. కలంకారీ పనివారికి దీని కారణము చెప్పనక్కరలేదు. కరక్కాయ పట్టించిన గుడ్డపై ఇనుపకసిము నల్లనగుట ఇదియే. చెక్కతో పదునుచేసిన తోలులో ఆ వగరే యున్నది. కావున బకిలు తుప్పును ముందు గీకి తీయవలెను. ఇత్తడి చిలుమునకు చింతపండు పనికివచ్చును గాని, గుడ్డకు అంటనీయక వెంటనే కడిగి ఆరనీయుడు.

మురుగు కలిసిన వరదనీట మునిగిన సంచిని, 2015 డిశంబరులో పట్నమును ముంచినట్టి వరదలో తడిసినదానిని, దక్కించుకొన చూచుట వృథా.

లోపలి నురుగుమెత్త పాతబడి బంకగా, పొడిగా రాలుచున్నచో అంతయు తీసివేయవలెను. ఆ పొడి కటకములోనికి పోవును. క్రొత్త మెత్తకు తొడుగుగా మన గాడాగుడ్డ చక్కగా సరిపోవును. ఇచ్చటనే మనవారు పొరపడుదురు. మగ్గము దిగిన గుడ్డలో గంజి యుండును, గంజి బూజునకు అన్నము. గంజి పూర్తిగా పోవువరకు రెండు మూడుసార్లు నానబెట్టి ఉతికిన పిదపనే కుట్టవలెను. ఉతికిన సంచి మెత్తబడినదని గంజి పెట్టుటయు ఇట్టిదే.

ఆరబెట్టుట నీడలో, గాలి తగులుచోట, సంచిని లోపలివైపు తిప్పి. ఎండలో బూజు చచ్చును గాని రంగు వెలియును. పైకి ఆరినట్లున్నను జంటకుట్టుల మధ్య తడి నిలిచియుండును. కనుక మరి రెండు దినములు ఆగి, కుట్టులను చేతితో నొక్కి చూచి, ఆపైన సిలికాజెల్ పొట్లమొకటి వేసి కెమేరాను లోపల పెట్టవలెను. వానకాలమున ఆ పొట్లమును అప్పుడప్పుడు మార్చుచుండవలెను.