బండి జాడ - డ్రైవరు క్షేమము

మిర్చి కోతలు ముగిసి కల్లములు ఖాళీ యగు దినములలో గుంటూరు యార్డునకు పోవు దారులన్నియు లారీలతో నిండియుండును. ప్రొద్దు గ్రుంకువేళ టిక్కీలు ఎక్కించి, "తెల్లవారకముందే యార్డు చేరవలెను" అని రైతు చెప్పును. యజమాని సరే యనును. డ్రైవరు బండి తీయును. ఆ రాత్రి రైతును, యజమానియు కొంతయైనను కన్ను మూయుదురు; డ్రైవరునకు మాత్రము ఆ వీలు లేదు.

ఇటీవల బండి జాడ తెలుపు చిన్న యంత్రములు వ్యాప్తిలోనికి వచ్చినవి. 2019 జనవరి 1వ తేదీ నుండి రిజిస్టరగు బస్సులకు, టాక్సీలకు ఈ యంత్రమును, ఆపదలో నొక్కు మీటను ప్రభుత్వము నియమముగా చేసినది. సరకు లారీల యజమానులు పలువురు తామే అమర్చుకొనుచున్నారు. దీనివలన సరకునకు కాపుదల కలుగుచున్నది. డ్రైవరు ప్రాణమునకు గూడ ఇది కాపుదల కావలెనన్న ఏమి చేయవలెనో తెలిసికొందము.

యంత్రము పనిచేయు విధము

ఆకాశమునుండి ఉపగ్రహము మన లారీని చూచుచుండునని పలువురు భావింతురు. అది సరికాదు. ఉపగ్రహములు కాలమును, తమ స్థానమును తెలుపు సంకేతములను ఎడతెగక పంపుచుండును. బండిలోని యంత్రము కనీసము 4 ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, తానున్న చోటును లెక్కకట్టుకొనును. పిమ్మట ఆ లెక్కను సెల్ ఫోను టవరుల ద్వారా యజమానికి చేరవేయును. ఇట్టి పనికై మన దేశము నిర్మించుకొన్న 'నావిక్' వ్యవస్థలోని తొలి ఉపగ్రహము 2013 జులై 1వ తేదీన మన శ్రీహరికోట నుండియే నింగికెగసినది.

నల్లమల వంటి అడవిదారులలో టవరు అందనిచోట బండి జాడ కొంతసేపు కనబడదు. అంతమాత్రమున కంగారుపడరాదు. మంచి యంత్రము ఆ వివరములను దాచియుంచి, టవరు అందగానే పంపును.

నిలిచిన బండి, నిద్రలేని డ్రైవరు

ఒక ఉదాహరణము చూడుడు. యార్డు 240 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. లోడు లారీ గంటకు సగటున 40 కిలోమీటర్లు పోయినచో ప్రయాణము 6 గంటలు. డ్రైవరు మధ్యాహ్నము 2 గంటల నుండి ఎగుమతి కడనే యుండి, రాత్రి 7 గంటలకు బయలుదేరి, నడుమ అరగంట భోజనమునకు ఆగి, 1-30 గంటలకు యార్డు చేరును. అచట వరుసలో నిలిచి, ముందు లారీ కదలినప్పుడెల్ల తాను కదలుచు, సరకు కాచుకొనుచు ఉదయము 6 గంటలవరకు మేల్కొనియే యుండును. యజమాని ఫోనులో మాత్రము "బండి నాలుగున్నర గంటలు ఆగినది" అని కనబడును. డ్రైవరు నిద్రించెనని తలచి, యజమాని వెంటనే తిరుగు లోడునకు పంపును. నిజమునకు అతడు 16 గంటలు పనిలో నున్నాడు. యంత్రము బండి సంగతి చెప్పును గాని, మనిషి సంగతి చెప్పదు. అది అడిగి తెలిసికొనవలసినదే.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము పనివేళను దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలుగా నిర్ణయించి, 5 గంటల పనికి పిమ్మట అరగంట విశ్రాంతి నీయవలెనని చెప్పినది. 2025 నవంబరు 21వ తేదీన ఆ చట్టము స్థానమున వృత్తిభద్రతా నియమావళి అమలులోనికి వచ్చినది. 8 గంటల పరిమితి అందును నిలిచినది. ఒక్క లారీ గలవానికి ఈ లెక్క ఎందులకని కొందరు అడుగవచ్చును. లారీలు ఒకటైనను పదియైనను నిద్ర అందరకు ఒక్కటే.

రాత్రి 2 గంటలు మొదలు 5 గంటలవరకు నిద్రమత్తు మిక్కిలి బలమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి 3 సెకనులలో 50 మీటర్లు సాగిపోవును. అంతమాత్రపు కునుకు చాలును. టీ నీళ్లు కొంతసేపు ఆపగలవే గాని, నిద్రకు బదులు కాజాలవు.

పాటింపదగిన విషయములు

1. ఎగుమతి, దిగుమతి, వరుసలో వేచియుండు కాలము - అన్నియు పనివేళగానే లెక్కింపవలెను.

2. బండి కదలుచున్నప్పుడు డ్రైవరునకు ఫోను చేయరాదు. యంత్రములో జాడ చూచుకొని, ఆగిన పిమ్మటనే మాటలాడవలెను.

3. వేగము మీరినట్లు కనబడినచో డ్రైవరును మందలించుటకు ముందు, తాము పెట్టిన గడువు న్యాయమైనదో కాదో యోచింపవలెను.

4. నిద్ర వచ్చినదని లైసెన్సు లేని క్లీనరునకు బండి నీయరాదు. పెట్రోలు బంకు వంటి వెలుతురుగల చోట నిలిపి నిద్రించుటయే మేలు.

5. బండి అకారణముగా ఆగి, డ్రైవరు ఫోను తీయనిచో ఆలసింపక 112నకు గాని, జాతీయ రహదారిపైనైనచో 1033నకు గాని తెలుపవలెను.

దారిప్రక్క పల్లెవాసులకును ఒక మాట. ప్రమాదమున గాయపడినవారికి సాయము చేసినచో కేసులలో చిక్కుకొందుమని భయపడనక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము సదుద్దేశముతో సాయపడినవారికి రక్షణ కల్పించినది. 108నకు ఫోను చేసి, అంబులెన్సు వచ్చువరకు తోడుండుడు.

లోడు పంపు రైతు సోదరులు "తెల్లవారకముందే చేరవలెను" అనుటకు ముందు "నీవు నిద్రించి ఎంతసేపైనది?" అని డ్రైవరును అడుగుదురు గాక. ఒక పూట ఆలస్యమైనచో సరకును మరునాడు అమ్ముకొనవచ్చును. డ్రైవరు ఇంటివారు ఎదురుచూచునది అతని కొరకు.