వాయిదా తప్పితే నిన్నే అడుగుతారు

గుంటూరు

అమ్ములూ,

లాయర్ల ఆఫీసులకు క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో చేరావని, గుంటూరు, కృష్ణా వైపు కోర్టులన్నీ నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అమ్మడంతో అయిపోదట, అమ్మినాక వచ్చే ఫోన్లూ నువ్వే చూడాలట. "కోర్టు సంగతులు మామయ్యకు తెలుసు, నాలుగు ముక్కలు రాయమను" అన్నావట. ప్లీడరు గుమాస్తాగా తల నెరిసినవాణ్ణి, నాలుగు ముక్కలతో ఆగడం నా వల్ల కాదు. తీరిగ్గా చదువుకో.

నువ్వు పంపిన మీ కంపెనీ కరపత్రం చూశాను. ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చు, కాగితం లేని ఆఫీసు, అన్నీ ఒకేచోట అని రంగురంగుల్లో వేశారు. బాగానే ఉంది. కానీ జిల్లా కోర్టు ప్లీడరుకు రాత్రి నిద్ర పట్టకుండా చేసేది వాయిదా ఒక్కటే. రేపు ఏ కోర్టులో ఏ కేసుంది, దేనికుంది, ఒకే వేళకు రెండు చోట్ల పిలిస్తే జూనియర్‌ను ఎటు పంపాలి? ప్రతివాది తరఫున ఎవరూ పలకకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అతను లేకుండానే కేసు నడిచిపోతుంది. వాది తరఫున పలకకపోతే దావా డిఫాల్టుకు డిస్మిస్. ఎక్స్‌పార్టీ డిక్రీని తీసేయించాలన్నా, డిస్మిసైన దావాను తిరిగి నిలబెట్టాలన్నా 30 రోజుల్లో పిటిషన్ పడాలి. పార్టీ ముందు తలవంపులు అదనం. అందుకని డెమో మొదలుపెట్టగానే రేపటి వాయిదాల జాబితా తెరిచి చూపించు. క్లౌడ్ అన్న మాట వాళ్ళడిగితే అప్పుడు ఎత్తు.

చెక్కు మీద సంతకం పెట్టేది సీనియర్ గారే. అయితే సాఫ్ట్‌వేర్ ఆ ఆఫీసులో నిలుస్తుందా లేదా అన్నది గుమాస్తా చేతిలో ఉంటుంది. సాయంత్రం కోర్టు నుంచి కట్టలు మోసుకొచ్చాక ఆయన చేసే మొదటి పని డైరీ ఎక్కించడం. ఇవాళ్టి పేజీలో ప్రతి కేసు పక్కన వచ్చే తేదీ వేస్తాడు. ఆ తేదీ పేజీ తీసి కేసు నంబరు, పార్టీల పేర్లు, వెనకటి వాయిదా, దేనికి పడిందో రాస్తాడు. కౌంటరుకా, ఇష్యూస్‌కా, చీఫ్‌కా, క్రాస్‌కా, ఆర్గ్యుమెంట్స్‌కా. ఇదే ఆఖరి అవకాశమని జడ్జిగారు అని ఉంటే ఎర్ర సిరాతో కింద ఒక గీత. అంతా కలిపి కేసుకు అర నిమిషం. మీ దాంట్లో అదే పనికి మూడు స్క్రీన్లు తిరగాల్సొస్తే వారం తిరక్కుండా ఆయన డైరీకే పోతాడు, సీనియర్ గారు దండగ ఖర్చు అంటారు, నీ రెన్యువల్ గంగలో కలుస్తుంది. ముందుగా ఒక సాయంత్రం ఆయన బల్ల పక్కన కూర్చుని చూడు. గుమాస్తా గారూ అని పిలువు. ఈ పిల్ల వచ్చింది నా ఉద్యోగానికి ఎసరు పెట్టడానికే అన్న అనుమానం ఆయన మనసులో ఉంటుంది, పైకి అనడు. డైరీ మానెయ్యండని మాత్రం చెప్పకు, రెండూ నడవనీ. ఆ ఎర్రగీత మీ స్క్రీన్‌లో ఎక్కడ పడాలో ఆయన్నే అడుగు. మీ ఇంజనీర్లకు అలాంటిదొకటి ఉంటుందన్న సంగతే తెలిసి ఉండదు.

నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఇలాంటి సాఫ్ట్‌వేరే పెట్టారు. ఏ కంపెనీదన్నది అనవసరం. కొత్త కేసు ఎక్కించాలంటే పార్టీ ఈమెయిల్ ఇవ్వాల్సిందే, లేకపోతే సేవ్ కాదు. పల్లెటూరి రైతుకు ఈమెయిల్ ఎక్కడిది? గుమాస్తా ఏం చేస్తాడు, పార్టీ పేరు పక్కన జీమెయిల్ అని తగిలించి పని కానిచ్చాడు. ఆ చిరునామా నిజంగా ఇంకెవరిదో అయి ఉండొచ్చుగా! పొలం తగాదా వాయిదాలు, కాగితాలతో సహా, ముక్కూ మొహం తెలియనివాడికి వెళ్తాయి. తప్పు గుమాస్తాది అనకు. ఆ గడిని తప్పనిసరి చేసినవాడిది. ఇలాంటివి కనబడినప్పుడల్లా మీ ఆఫీసుకు రాయి, విసుక్కున్నా రాయి.

ఇక కోర్టు కేసుల వివరాలు సైటులో పెట్టే ఈకోర్ట్స్ సంగతి. ఆ ప్రాజెక్టు 2007లో మొదలైంది, మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసింది. మీ సాఫ్ట్‌వేర్ సగం దాని మీదే బతుకుతోంది. కేసుకు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు రెండు, కోర్టు ఎస్టాబ్లిష్‌మెంటుకు రెండంకెలు, ఆరంకెల వరుస సంఖ్య, చివర సంవత్సరం. పాత కేసులన్నీ ఎక్కించేటప్పుడు ఆ నంబరు పట్టుకునే ఎక్కించు, పార్టీ పేరుతో వెతకడం పెట్టుకోకు. మనవాళ్ళ పేర్లు ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఒక కోర్టులో ఎస్, ఒక కోర్టులో ఎస్‌హెచ్, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. వెంకటేశ్వరరావు అని కొట్టి చూడు, జిల్లా మొత్తం లేచి వస్తుంది, నీకు కావలసిన ఆయన తప్ప.

కోర్టు హాల్లో బెంచ్ క్లర్కు చెప్పిన తేదీ ఆ పూటే సైటులో పడుతుందన్న భరోసా లేదు. కొన్నిసార్లు మర్నాటికి పడుతుంది, కొన్నిసార్లు వేరే తేదీ పడుతుంది. సైటే మొరాయించే రోజులుంటాయి. అలాంటప్పుడు మీ స్క్రీన్ పాత తేదీనే చూపిస్తూ 'మార్పు లేదు' అంటే అది అబద్ధం చెప్పినట్టే. ఏ రోజు ఎన్ని గంటలకు సైటు నుంచి తెచ్చిందో ప్రతి కేసు పక్కనా కనబడాలి, తేలేకపోతే తేలేకపోయానని చెప్పాలి. హాల్లో రాసుకున్న తేదీ ఒకటి, సైటు తేదీ ఒకటి అయితే రెండూ పక్కపక్కన చూపించి గుమాస్తా తేల్చేదాకా వదలకూడదు. మీ కరపత్రంలో 'ఇక ఒక్క వాయిదా కూడా తప్పదు' అన్న వాక్యం ఉంది చూశావా, అది నీ నోటితో ఎప్పుడూ అనకు. తప్పిన రోజున జడ్జిగారు ప్లీడరును అడుగుతారు, ప్లీడరు గుమాస్తాను అడుగుతాడు, గుమాస్తా నిన్ను అడుగుతాడు. అక్కడితో ఆగుతుంది, ఎందుకంటే నీ వెనక ఇంకెవరూ కనబడరు.

గడువు లెక్కలు ఇంకా ప్రమాదం. చెక్ బౌన్స్ కేసే తీసుకో, మన దగ్గర అవే ఎక్కువ. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందాక డబ్బు కట్టడానికి అవతలివాడికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఒక నెలలో కంప్లెయింట్ పడాలి. చట్టం ఇక్కడ 'ఒక నెల' అంది, 30 రోజులు అనలేదు. సాకేత్ ఇండియా కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ లెక్కే తేల్చింది. నోటీసు అందింది 1995 సెప్టెంబరు 29న. 15 రోజులు అక్టోబరు 14తో అయిపోయాయి, 15న కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే కేసు వేసే హక్కు, పుట్టింది. ఆ రోజును వదిలేసి లెక్కపెడితే నవంబరు 15న వేసిన కంప్లెయింట్ గడువులోనే ఉందంది కోర్టు. 30 రోజులని లెక్కేసే సాఫ్ట్‌వేర్ నవంబరు 14 చూపిస్తుంది. ఒక రోజు ముందే చూపిస్తుంది కాబట్టి నష్టం లేదు. ఇప్పుడు ఫిబ్రవరికి రా. లీపు కాని ఏడాది జనవరి 30న నోటీసు అందితే ఫిబ్రవరి 15న కాజ్ ఆఫ్ యాక్షన్, చట్టం ప్రకారం గడువు మార్చి 15. 30 రోజుల లెక్క మార్చి 17 అంటుంది! రెండు రోజులు ఆలస్యంగా. ఆలస్యాన్ని మన్నించే అధికారం 2002 సవరణతో కోర్టుకు వచ్చింది, నిజమే. కానీ కారణం చూపించాలి, 'సాఫ్ట్‌వేర్ అలా చెప్పింది' అని అఫిడవిట్‌లో రాయడానికి ఏ ప్లీడరు ఒప్పుకుంటాడు? మీ క్యాలిక్యులేటర్‌లో ఈ ఫిబ్రవరి లెక్క నువ్వే వేసి చూడు. తప్పు వస్తే అది బాగుపడేదాకా ఆ బటన్ ఎవరికీ చూపించకు. సరిగ్గా వచ్చినా, తేదీ ఎలా వచ్చిందో మెట్టుమెట్టుగా చూపించి, ప్లీడరు సరేనన్నాకనే క్యాలెండర్‌లో పడేలా ఉండాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఇంతవరకు ఒక ఆఫీసు గుట్టు ఒక గుమాస్తా దగ్గర ఉండేది. ఇప్పుడు ఊళ్ళో సగం ఆఫీసుల కట్టలు నీ లాగిన్‌తో తెరుచుకుంటాయి. నువ్వు కూడా ఒకరకంగా గుమాస్తావే అయ్యావు, అందరికీ. అయితే ఒక తేడా ఉంది. కక్షిదారు ప్లీడరుతో చెప్పుకున్నది బయటపెట్టకూడదన్న నియమం పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 126, 127 సెక్షన్లలో ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లో ఉంది. అది ప్లీడరు గుమాస్తాలకూ ఉద్యోగులకూ వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్ల పేరు అందులో లేదు. నిన్ను కట్టిపడేసేది మీ కంపెనీ ఒప్పందం, ఆ పైన నీ నోరు. ఒప్పందంలో ఆ షరతు గట్టిగా లేకపోతే పెట్టించు. తెలివైన సీనియర్ గారెవరైనా తప్పకుండా అడుగుతారు.

గుంటూరు లాంటి ఊళ్ళో వాది ప్లీడరూ ప్రతివాది ప్లీడరూ ఇద్దరూ నీ కస్టమర్లే అయ్యే రోజు వస్తుంది. పొద్దున ఒకాయన కంప్యూటర్‌లో రిటన్ స్టేట్‌మెంట్ అప్‌లోడ్ కావట్లేదంటే రిమోట్‌గా వెళ్ళి సరిచేస్తావు, మధ్యాహ్నం అదే కేసు అవతలి ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. "అమ్మా, వాళ్ళూ మీ సాఫ్ట్‌వేరే వాడుతున్నారటగా, దాఖలు చేశారా?" అని నవ్వుతూ అడుగుతారు. వాళ్ళు మా కస్టమర్లని కూడా చెప్పకు. ఆఫీసు వాళ్ళు అడగందే, వాళ్ళ కళ్ళెదుట కాకుండా ఏ ఫైలూ తెరవకు. నువ్వెప్పుడు లోపలికి వెళ్ళావో ఆఫీసుకు కనబడేలా లాగ్ ఉందేమో చూడు. ట్రైనింగ్‌లో చూపించడానికి స్క్రీన్‌షాట్ కావలిస్తే ఉత్తుత్తి కేసులు నువ్వే తయారు చేసుకో.

పార్టీలకు వాయిదా మెసేజులు తమంతట తామే వెళ్తాయని మీరు గొప్పగా చెప్తారు కదా, విడాకుల పిటిషన్లలో, గృహహింస కేసుల్లో ఆ సదుపాయం ఆపి ఉంచాలి. ఆ అమ్మాయి ఇచ్చిన నంబరున్న ఫోను ఆమె మొగుడి చేతిలోనో అత్తగారి చేతిలోనో ఉండొచ్చు. అడిగి, ఏ నంబరుకు పంపాలో తేల్చుకున్నాకే తెరవాలి. నన్నడిగితే కేసు ఎక్కించేటప్పుడే ఈ ప్రశ్న వచ్చేలా చెయ్యమని మీవాళ్ళతో పోట్లాడాలి.

ఫలానా సీనియర్ గారు మా కస్టమర్ అని ఫొటోతో ఫేస్‌బుక్‌లో పెట్టే సరదా మీ సేల్స్ వాళ్ళకుంటుంది. బార్ కౌన్సిల్ 36వ రూలు ప్రకారం లాయర్లు నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఆయనకు లేనిపోని తలనొప్పి తేకు.

ఫీజుల లెక్క గురించి ఎక్కువ రాయను. కెనడాలో 2008లో మొదలైన క్లియో లాంటి సాఫ్ట్‌వేర్లు గంటల చొప్పున బిల్లు వేసే లాయర్ల కోసం పుట్టాయి, ఆరేసి నిమిషాల ముక్కలుగా కాలాన్ని కొలుస్తారు. మన దగ్గర కేసుకింత అని మాట్లాడుకుంటారు, కొంత ముందు, కొంత విచారణకు వచ్చినప్పుడు, మిగతాది పంట చేతికొచ్చాక. టైమర్ చూపిస్తే నవ్వుతారు. ఎంత అనుకున్నాం, ఎంత ముట్టింది, స్టాంపులకూ ప్రాసెస్‌కూ కాపీలకూ మనం పెట్టుకున్నదెంత, ఇవి చాలు. ఫీజు గడి చూడగానే కొందరు మొహం చిట్లిస్తారు, బలవంతం చెయ్యకు.

కొత్త ఆఫీసులను మే నెలలో ఎక్కించు. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, గుమాస్తాలకు కాస్త ఊపిరాడుతుంది. మామూలు రోజుల్లో ఫోన్లు రెండు వేళల్లో వస్తాయి, కోర్టు కూర్చునే ముందు, మళ్ళీ సాయంత్రం డైరీ ఎక్కించేటప్పుడు. హైకోర్టు కాజ్ లిస్టు కూడా సాయంత్రాలే వస్తుంది. మీ సపోర్టు ఆరింటికి మూసేస్తామంటే అది సపోర్టు కాదని మీ మేనేజరుతో నా మాటగా చెప్పు. సోమవారం పొద్దున్నే కొత్త వెర్షన్ దించే అలవాటుంటే అదీ మాన్పించు.

చివరికి ఒకటి, అమ్మేటప్పుడు ఎవరూ ఎత్తని విషయం. చిన్న ఆఫీసుల్లో లాగిన్ సీనియర్ గారి సెల్ నంబరు మీద ఉంటుంది, ఓటీపీ ఆయనకే వస్తుంది. హఠాత్తుగా ఆయన పోయారనుకో. మర్నాడు కూడా కోర్టులో కేసులు పిలుస్తారు. జూనియరూ గుమాస్తా ఏ కోర్టులో ఏముందో చూసి మెమో వేసి టైము తీసుకోవాలి, పార్టీలకు కబురు చెయ్యాలి, కట్టలు ఎవరికి అప్పగించాలో ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి. ఆ ఫోను ఇంట్లో ఎవరి దగ్గరో ఉంటుంది, అడగడానికి నోరు రాదు. అందుకని ఇన్‌స్టాల్ చేసిన రోజే రెండో అడ్మిన్‌గా ఎవరుంటారో సీనియర్ గారితోనే రాయించుకో. ఇబ్బందిగా ఉంటే ఆయన ఊరికి వెళ్ళినప్పటి కోసం అని చెప్పు. అలాగే ఎవరైనా మీ సాఫ్ట్‌వేర్ మానేస్తామంటే బతిమాలి విసిగించకుండా మొత్తం కేసుల జాబితా ఎక్సెల్‌లోనూ, కాగితాలు కేసు నంబరు పేరుతో ఫోల్డర్లుగానూ తీసి ఇవ్వాలి. ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఆ తర్వాత మీ దగ్గరున్న కాపీ ఎప్పుడు చెరిపేస్తారో ఒప్పందంలో ఉందో లేదో చూసి నాకు రాయి. లేకపోతే మా సీనియర్ గారికి అమ్మడానికి రాకు, ఆయన మొదట అడిగేది అదే.

ఇట్లు
మీ మామయ్య