మన ఊరి బస్సు



ఈ పాఠం బస్సు గురించి. బస్సు ఎక్కని వాళ్లు మనలో ఎవరూ లేరు. సంతకు పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా బస్సే దిక్కు. కాని బస్సును చదవడం ఎంతమందికి వచ్చు?

"బస్సును చదువుడేంది టీచరమ్మా? బస్సు ఏమన్నా పుస్తకమా?" అని మా కేంద్రంలో ఒక పెద్దవ్వ అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని బస్సు మీద చాలా రాతలు ఉంటాయి. అవి చదవలేకపోతే ఏమవుతుందో ముందు వినండి.

సగం చదివిన బోర్డు

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క బీడీలు చేస్తుంది. ఒకరోజు మనుమడికి జ్వరం వస్తే ఆర్మూరు దవాఖానకు తీసుకుపోయింది. మందులు తీసుకునే సరికి సాయంత్రం అయింది. బస్టాండుకు వచ్చింది. ఆమె కమ్మర్‌పల్లి బస్సు ఎక్కి, దారిలో మోర్తాడ్‌లో దిగాలి.

అప్పటికి ఆమె చదువు మొదలుపెట్టి రెండు నెలలే అయింది. ఒక బస్సు బోర్డు మీద 'పల్లి' అనే అక్షరాలు కనిపించాయి. "చదివిన! నాకు వచ్చింది!" అని సంబరపడి ఎక్కేసింది. కాని ఆ బోర్డు మీద ఉన్నది కమ్మర్‌పల్లి కాదు. డిచ్‌పల్లి.

బస్సు తూర్పుకు పోలేదు. హైదరాబాదు దిక్కు మళ్లింది. చాలా దూరం పోయినంక కండక్టర్ వచ్చి, "ఎక్కడికి అమ్మా?" అన్నాడు. ఆమె "మోర్తాడ్" అంది. కండక్టర్ తల పట్టుకున్నాడు. జక్రాన్‌పల్లి దగ్గర దింపాడు. అక్కడి నుంచి మళ్లీ ఆర్మూరు రావాలి. ఒళ్లో జ్వరం పిల్లాడు. బయట చీకటి. ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది.

మరుసటి రోజు ఆమె కేంద్రానికి రాలేదు. ఆ తర్వాత రోజు వచ్చి, "సగం చదువుడు కన్న చదువు రాకుండుడే నయముండె. రాకుంటే ఎవరినన్న అడుగుదును" అంది.

అక్కలారా, ఆమె మాటలో బాధ ఉంది. నిజం కూడా ఉంది. కాని దానికి మందు చదువు మానడం కాదు. మొత్తం బోర్డు చదవడం. మన దిక్కు ఎన్ని ఊర్లు 'పల్లి'తో ముగుస్తాయో చూడండి. గట్టిగా చదవండి:

కమ్మర్‌పల్లి
డిచ్‌పల్లి
జక్రాన్‌పల్లి
మెట్‌పల్లి

చివర అన్నీ ఒకటే. తేడా అంతా మొదట్లో ఉంది. అందుకే ఊరి పేరు మొదటి అక్షరం నుంచి చదవాలి.

బోర్డు మీద ఏముంటుంది?

బోర్డు మీద సాధారణంగా మూడు సంగతులు ఉంటాయి. బస్సు బయలుదేరే ఊరు. చేరే ఊరు. మధ్యలో పోయే దారి. దారిని చూపించడానికి 'వయా' అని రాస్తారు. వయా అంటే 'మీదుగా' అని అర్థం.

నిజామాబాద్ – జగిత్యాల
వయా ఆర్మూరు, మెట్‌పల్లి

ఈ బోర్డు మీద మోర్తాడ్ పేరు లేదు. అయినా ఈ దారి మోర్తాడ్ మీదుగానే పోతుంది. ఎట్లా తెలుస్తుంది? ఊర్ల వరుస తెలిస్తే తెలుస్తుంది. నిజామాబాద్, ఆర్మూరు, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల. ఈ వరుసను పాటలాగా కంఠస్థం చేయండి. అయితే ఎక్స్‌ప్రెస్ బస్సు అన్ని ఊర్లలో ఆగదు. ఎక్కేముందు కండక్టర్‌ను అడగండి. అడగడం సిగ్గు కాదు.

పట్నంలో అయితే బస్సుకు పేరుతో పాటు నంబరు కూడా ఉంటుంది. సికింద్రాబాదు నుంచి మెహిదీపట్నానికి 5కె బస్సు పోతుంది. 49ఎం కూడా అక్కడికే పోతుంది. కాని రెండింటి దారులు వేరు. చేరే ఊరు ఒకటే అయినా దారి వేరు కావచ్చు. మనం మధ్యలో దిగేవాళ్లమైతే దారి చూసే ఎక్కాలి.

ఎర్రబస్సు కథ

"ఎర్రబస్సు ఎక్కి వచ్చినవా?" అని పట్నం వాళ్లు పల్లె వాళ్లను ఎక్కిరిస్తారు. కాని ఎర్రబస్సుకు పెద్ద చరిత్ర ఉంది.

మన తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే శాఖ బస్సులు నడపడం మొదలుపెట్టింది. అప్పుడు ఉన్నవి 27 బస్సులు. పనిచేసేవాళ్లు 166 మంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత, 1958 జనవరి 11న ఆర్.టి.సి. సంస్థ ఏర్పడింది. 1999లో అది ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. 2015 జూన్ నుంచి తెలంగాణ ఆర్.టి.సి. వేరుగా నడుస్తున్నది.

ఆర్.టి.సి. సొంత బస్సుల నంబరు పలక మీద ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పైన అడ్డం గీత, మధ్యలో ఏటవాలు గీత, కింద అడ్డం గీత. దాన్ని 'జడ్' అంటారు. ఏడో నిజాం తల్లి పేరు జహ్రా బేగం. ఆమె పేరులోని మొదటి అక్షరమే అది అని చెబుతారు. అంటే రోజూ మన ముందు నుంచి పోయే బస్సుల మీద ఒక తల్లి గుర్తు ఉందన్నమాట.

రోడ్డు పక్క రాయి

బస్సు కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు కనిపిస్తాయి. రాయి పైభాగం రంగు చూడండి. పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగు ఉంటే పల్లె రోడ్డు.

మోర్తాడ్ మీదుగా పోయేది 63వ నంబరు జాతీయ రహదారి. కాబట్టి రాయి మీద మన పంట రంగే, పసుపు. ఆర్మూరు దగ్గర దీన్ని 44వ నంబరు రహదారి దాటుతుంది. అది కాశ్మీరులోని శ్రీనగర్ నుంచి దేశం చివరన ఉన్న కన్యాకుమారి దాకా పోతుంది. పాతవాళ్లు దాన్ని ఇంకా '7 నంబరు రోడ్డు' అనే అంటారు. అప్పుడు దాని నంబరు 7. తర్వాత మార్చారు.

బస్సుల పిచ్చి పిల్లాడు

మా కేంద్రానికి వచ్చే ఒక వదినెకు ఏడో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. వాడికి బస్సులంటే ప్రాణం. చప్పుడు విని ఏ బస్సో చెప్తాడు. బస్సు మీద రాసిన డిపో పేరు చూసి, అది ఆర్మూరుదో, బోధన్‌దో, నిజామాబాద్‌దో చెప్తాడు. ఒక నోటుబుక్కులో బస్సు నంబరు, వచ్చిన టైము, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది నిలబడ్డారు అన్నీ రాస్తాడు.

"ఈ బస్సుల పిచ్చి కూడు పెడ్తదారా?" అని తల్లి రోజూ తిట్టేది.

ఇట్లాంటి వాళ్లు చాలాచోట్ల ఉన్నారు. హైదరాబాదులో కూడా బస్సుల ఫోటోలు తీసి, రూట్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకునే యువకులు ఉన్నారు. లండన్ పట్నంలో పాత ఎర్ర రెండంతస్తుల బస్సును 2005 డిసెంబర్‌లో మామూలు రూట్ల నుంచి తీసేశారు. ఆఖరి రోజున దాన్ని చూడడానికి జనం రోడ్ల మీదికి వచ్చారు.

మన పిల్లాడి పిచ్చి ఏం చేసిందో ఇప్పుడు చెప్తాను.

సున్నా టికెట్ విలువ

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం అయింది. దీని పేరు మహాలక్ష్మి పథకం. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి కార్డు చూపించాలి. కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు. సూపర్ లగ్జరీ లాంటి బస్సుల్లో మాత్రం డబ్బులు పెట్టి టికెట్ కొనాలి. ఎక్స్‌ప్రెస్ బస్సులో మహారాష్ట్ర దిక్కు పోతే మన రాష్ట్రం సరిహద్దు దాకనే ఉచితం.

మా దగ్గరి ఒక ఊరికి పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు పల్లెవెలుగు బస్సు వచ్చేది. ఒకరోజు అది రావడం మానింది. మూడు రోజులు చూశారు. రాలేదు. ఆడపిల్లలు కాలేజీకి ఆటోల్లో పోవాల్సి వచ్చింది. రానుపోను ఖర్చు భరించలేక ఇద్దరు పిల్లలను ఇంట్లోనే ఉంచారు.

ఆడవాళ్లంతా కలిసి డిపోకు పోయారు. అక్కడి అధికారి, "మీ బస్సుకు జనం లేరమ్మా. లెక్కలో పదిమంది కూడా కనబడుత లేరు" అన్నాడు.

"పదిమందేంది? కాలు పెట్ట సందుండదు!" అని అందరూ అరిచారు.

మరి లెక్క ఎక్కడ తప్పింది? మాట్లాడుకుంటే బయటపడింది. బస్సు కిక్కిరిసి ఉండేది. కండక్టర్ అందరి దగ్గరికీ రాలేకపోయేవాడు. మనవాళ్లు కూడా "ఫ్రీనే గదా, టికెట్ ఎందుకు?" అని అడిగేవాళ్లు కాదు. టికెట్ లేకపోతే లెక్కలో మనిషి లేనట్లే. సున్నా టికెట్ల లెక్క చూసే ప్రభుత్వం ఆర్.టి.సి.కి డబ్బు కడుతుంది. మనం ఎక్కినా కాగితం మీద ఎక్కలేదు.

అప్పుడు ఆ వదినెకు కొడుకు నోటుబుక్కు గుర్తొచ్చింది. అందులో రెండు నెలల లెక్క ఉంది. తేదీ, టైము, మంది. పొద్దుటి బస్సులో నలభై మందికి తక్కువ లేరు. ఆ నోటుబుక్కు చూసి మా కేంద్రంలో ఆడవాళ్లే అర్జీ రాశారు. బోర్డు సగం చదివి దారి తప్పిన అక్కనే మొదటి వాక్యం రాసింది. నేను తప్పులు మాత్రం దిద్దాను.

డిపో మేనేజర్ గారికి,
నమస్కారాలు.
మా ఊరికి వచ్చే పొద్దుటి బస్సు ఆగిపోయింది. దీనివల్ల కాలేజీ పిల్లలకు, బీడీ పనివాళ్లకు, దవాఖానకు పోయేవాళ్లకు కష్టమవుతున్నది. బస్సులో రోజూ ఎంతమంది ఎక్కారో రాసిన లెక్క దీనితో పంపుతున్నాము. ఇకనుంచి ప్రతి ఒక్కరం టికెట్ తీసుకుంటాము. దయచేసి బస్సును మళ్లీ నడపగలరు.
ఇట్లు,
గ్రామ మహిళలు

కింద ముప్పై ఒక్క మంది పేర్లు. ఇరవై ఆరు సంతకాలు, ఐదు వేలిముద్రలు.

మూడు వారాల తర్వాత పొద్దుటి బస్సు వచ్చింది. సాయంత్రం బస్సు ఇంకా రాలేదు. దాని కోసం రెండో అర్జీ ఇచ్చారు. ఈసారి వేలిముద్రలు రెండే. ఇప్పుడు బస్సు ఎక్కగానే, "టికెట్ ఇయ్యి బిడ్డా, మా సున్నా మాకు ఇయ్యి" అని ముసలవ్వలు కూడా చెయ్యి చాపుతున్నారు. ఆ తల్లి కొడుకుకు కొత్త నోటుబుక్కు కొనిచ్చింది.

మాట్లాడుకుందాం

1. బోర్డు మీద 'పల్లి' చూసి ఎక్కిన అక్క ఎక్కడ పొరపాటు పడింది?
2. వయా అంటే ఏమిటి?
3. సున్నా టికెట్‌కు డబ్బు లేదు. అయినా అది ఎందుకు తీసుకోవాలి?
4. మీ ఊరికి రోజుకు ఎన్ని బస్సులు వస్తాయి? అవి సరిపోతున్నాయా?

చేద్దాం

1. ఈ వారం మీరు ఎక్కిన బస్సు బోర్డును చూసి రాసుకుని రండి.
2. మీ టికెట్ దాచి తెండి. ఎక్కిన ఊరు, దిగిన ఊరు, తేదీ అందులో వెతకండి.
3. మీ ఊరి నుంచి నిజామాబాద్ దాకా వచ్చే ఊర్ల పేర్లు వరుసగా రాయండి.
4. మీ ఊరికి కావలసిన ఒక పని గురించి నలుగురు కలిసి అర్జీ రాయండి. సంతకం మీరే పెట్టండి.