కాయకము, వెట్టి, పాతబాకీ

మడివాళ మాచయ్య వస్త్రములుతికెను; నులియ చందయ్య త్రాళ్లు పేనెను. పండ్రెండవ శతాబ్దపు శరణులు ఆ పనులను కాయకమని గౌరవించిరి. అట్టి పనులే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత గ్రామములందు నిజాముల కాలమున గడీ ముంగిట వెట్టిగా మారెను. చాకలి, మంగలి, కుమ్మరి మొదలగువారు కూలి లేకయే దొరకు పనిచేయవలసి వచ్చెను. మనసిచ్చి చేసినది కాయకము. కులమును బట్టి బలవంతముగా చేయించినది వెట్టి.

దీనికి తోడు భగేలా పద్ధతి యుండెను. పెండ్లికో తిండిగింజలకో అప్పు చేసినవాడు దానికి మారుగా దొర యింట జీతముండవలెను. ఏండ్లు గడచినను అసలు తరుగదు. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకొనును. 1936లో హైదరాబాదు ప్రభుత్వము భగేలా ఒప్పందములపై శాసనము చేసినది గాని వానిని నిషేధింపలేదు, హద్దులు మాత్రమే పెట్టెను. హద్దు పెట్టుటయనగా ఆ బంధమును ఒప్పుకొనుటయే గదా! బ్రిటిషు ఇండియాలో బయానా పుచ్చుకొని పని మానిన పనివానిని శిక్షించు 1859 నాటి చట్టము 1925 నాటి రద్దు శాసనముతో గాని తొలగలేదు.

రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. పాతబాకీ సంగతి తేల్చినది మాత్రము 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము. 1975 అక్టోబరు 25 నుండియే అది వర్తించును. అందలి నిర్వచనమున భగేలా, జీతా, పాలేరు, వెట్టి అను పేర్లన్నియు కలవు. కులమున పుట్టుటవలనగాని, వారసత్వముగాగాని సంక్రమించిన చాకిరియు అందు చేరును. ఆ బాకీ తీర్చవలసిన బాధ్యతయే రద్దయినది. కాగితమున అంతయు సరియే. అయినను 1978 సెప్టెంబరున జగిత్యాలకు తరలివచ్చిన జనులు వెట్టి మానవలెననియే కోరిరి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను.

అప్పిచ్చు కుటుంబములు గమనింపవలసిన విషయమొకటి కలదు. రద్దయిన వెట్టిబాకీ క్రింద పైకము పుచ్చుకొనుటయు నేరమే. మూడేండ్ల వరకు ఖైదు, జరిమానా విధింపవచ్చును. మగ్గమైనను, బీడీయైనను, బయానా ఇచ్చుట తప్పు కాదు. దానిని సాకుగా చూపి పని మానదలచినవానిని నిలిపివేయుటయే తప్పు. కాగితము చూపుమని కూలివానినే అడుగుట ఊళ్లలో అలవాటు. చట్టము దానిని తలక్రిందులు చేసినది: అది వెట్టిబాకీ కాదని నిరూపింపవలసినవాడు ఋణదాతయే.