కాళ్ళు కడుక్కోవడం కూడా వైద్యమే



చర్మ సంరక్షణ అనగానే మనకు ముఖమే గుర్తుకొస్తుంది. సున్నిపిండి, పసుపు, మీగడ, బజారులో దొరికే రకరకాల క్రీములు అన్నీ ముఖం కోసమే. మోకాలి కింది చర్మం సంగతి ఎవరూ అడగరు. కాని వైనతేయ, వసిష్ఠ పాయల మధ్య కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు నిండిన మన తాటిపాక ప్రాంతంలో ముఖం కంటే ముందు కాలి చర్మం గురించే మాట్లాడుకోవాలి. ఎందుకంటే గోదావరి తీరాన్ని తరతరాలుగా పట్టి పీడించిన జబ్బు బోదకాలు. ఆ జబ్బు ఉన్నవారికి చర్మ సంరక్షణ అందం కోసం కాదు. మంచాన పడకుండా, నాలుగు రూపాయలు సంపాదించుకుంటూ, నలుగురిలో తిరగడం కోసం.

"బోదకాలు వచ్చిందంటే ఇక చేసేదేమీ లేదు" అని మనలో చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. ఏళ్ళ తరబడి వాచిన కాలు పూర్తిగా మామూలు కాలు కాకపోవచ్చు. కాని మాటిమాటికీ వచ్చే జ్వరాలను తగ్గించవచ్చు, వాపు ఇంకా పెరగకుండా చూసుకోవచ్చు. వాపు కొత్తగా మొదలైనవారిలో అది చాలావరకు తగ్గవచ్చు కూడా. దీనికి ముఖ్యంగా కావలసినవి సబ్బు, శుభ్రమైన నీళ్ళు, పొడి గుడ్డ, రోజుకు పావుగంట సమయం.

జబ్బు ఎలా వస్తుంది?

బోదకాలు శాపం కాదు, పాపఫలం కాదు, వంశపారంపర్యం కాదు. దీనికి కారణం దారంలాంటి సన్నని పురుగు. దాని పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. క్యూలెక్స్ జాతి దోమ దీన్ని ఒకరి నుండి ఒకరికి చేరవేస్తుంది. పైలేరియా పురుగులు దోమలో పెరుగుతాయని 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు కనిపెట్టాడు.

మన ఒంట్లో లింఫు నాళాలు అనేవి ఉన్నాయి. పొలంలో ఎక్కువైన నీటిని మురుగుకాలువ తీసివేసినట్టు, కండరాల్లో, చర్మం కింద మిగిలిన నీటిని ఇవి తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. పెద్ద పురుగులు ఈ నాళాల్లోనే కాపురముంటాయి. ఆరేడేళ్ళు బ్రతుకుతూ లక్షల పిల్లలను పెడతాయి. ఆ పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. అందుకే ఈ జబ్బుకు రక్తపరీక్ష రాత్రిపూట చేసేవారు. ఇప్పుడు పగలైనా చేయగల పరీక్షలు వచ్చాయి.

ఒకటి రెండు దోమకాట్లతో ఈ జబ్బు రాదు. నెలలు, ఏళ్ళ తరబడి కుట్టించుకున్నవారికి వస్తుంది. చాలామందికి చిన్నతనంలోనే పురుగు చేరుతుంది, వాపు మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. పూడిపోయిన మురుగుకాలువ పక్క పొలంలో నీరు నిలిచినట్టే, దెబ్బతిన్న నాళాల వల్ల కాలిలో నీరు నిలుస్తుంది. మగవారిలో కొందరికి వరిబీజం వస్తుంది. దీనికి సులువైన ఆపరేషన్ ఉంది. సిగ్గుపడి దాచుకోనక్కరలేదు.

ఒక మాట. కాలు వాచినంత మాత్రాన అది బోదకాలే అనుకోకండి. గుండె, మూత్రపిండాల జబ్బుల్లోనూ కాళ్ళు వాస్తాయి. డాక్టరుకు చూపించి నిర్ధారించుకోండి.

మాటిమాటికీ జ్వరం ఎందుకు?

బోదకాలు ఉన్నవారికి అప్పుడప్పుడూ గజ్జల్లో బిళ్ళ కడుతుంది. వణుకుతో చలిజ్వరం వస్తుంది. కాలు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. నాలుగైదు రోజులు మంచం దిగలేరు. కూలి పోతుంది. జ్వరం వచ్చి వెళ్ళిన ప్రతిసారీ కాలు మరికొంచెం లావవుతుంది.

ఈ జ్వరం పురుగు వల్లే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. బ్రెజిల్ దేశంలోని రెసిఫీ నగరంలో డాక్టర్ జెరూసా డ్రేయర్ వంటివారు 1990లలో రోగులను దగ్గరగా గమనించి, ఈ జ్వరాల్లో ఎక్కువ భాగానికి కారణం చర్మంలోని పగుళ్ళ గుండా లోపలికి వెళ్ళే సూక్ష్మక్రిములని తేల్చారు. మంచి కాలిలో దూరిన క్రిమిని శరీరం వెంటనే పట్టుకుంటుంది. లింఫు నాళాలు దెబ్బతిన్న కాలిలో ఆ కాపలా ఉండదు.

ఆ క్రిములు దూరే ముఖ్యద్వారం కాలి వేళ్ళ సందులు. దమ్ములో, ఊడ్పుల్లో రోజంతా బురదలో నిలబడినప్పుడు అక్కడి చర్మం తెల్లగా నాని ఒలిచిపోతుంది. దురద పెడుతుంది. "ఇది ఊడ్పుల రోజుల్లో ఉండేదేగా" అని వదిలేస్తాం. బోదకాలు ఉన్నవారికి జ్వరం మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. ఆ తలుపు మూస్తే జ్వరాలు తగ్గుతాయి.

రోజూ చేయవలసినవి

1. కడగడం: రోజుకు ఒకసారి తప్పకుండా, వీలైతే ఉదయం, రాత్రి కాలు కడగాలి. బోరు నీళ్ళు గాని కుళాయి నీళ్ళు గాని చాలు. కాలువ నీళ్ళు వద్దు. వేడినీళ్ళు వద్దు. ఒంటికి వాడే మామూలు సబ్బును చేతితో నురగ చేసి మోకాలి నుండి కిందికి మెల్లగా రుద్దండి. పీచు, బ్రష్, రాయి వాడకండి. వేళ్ళ సందులు, చర్మపు మడతలు ఒక్కొక్కటి విడదీసి కడగండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా పోయండి. ముట్టుకుంటే నొప్పిగా ఉన్నచోట సబ్బు రుద్దకుండా ఉత్త నీళ్ళు పోయండి.

2. తుడవడం: చాలామంది కడుగుతారు గాని తుడవరు. తడి మిగిలితే కడిగిన ఫలితం పోతుంది. శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్దినట్టుగా తుడవండి. వేళ్ళ సందుల్లో చిన్న గుడ్డపీలిక పెట్టి తడి తీయండి. ఆ గుడ్డలను రోజూ ఉతికి ఎండలో ఆరవేయండి.

3. చూడడం: వెలుతురులో కూర్చుని వేళ్ళ సందులు, మడమ, మడతలు పరిశీలించండి. తెల్లగా ఒలిచిన చోట తామరకు, పాచికి వాడే మందు, పగుళ్ళకు, గీరుకున్న చోట క్రిములను చంపే మందు డాక్టరు చెప్పినట్టు రాయండి. పిక్కపై చర్మం పొడిబారితే కొద్దిగా కొబ్బరినూనె రాయవచ్చు. వేళ్ళ సందుల్లో మాత్రం నూనె రాయకండి, అది తడిని పట్టి ఉంచుతుంది. గోళ్ళు తిన్నగా కత్తిరించుకోండి. దురద పుట్టినా గోకకండి.

4. ఎత్తులో ఉంచడం: కూర్చున్నప్పుడు కాలు వేలాడదీయకుండా ఎదుట స్టూలు వేసుకుని దానిపై ఉంచండి. రాత్రి మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద ఒక్కొక్క ఇటుక పెట్టండి. గుండెజబ్బు ఉన్నవారు ఇలా చేసేముందు డాక్టరును అడగాలి.

5. కదిలించడం: ఉన్నచోటనే మడమలు పైకెత్తి దించడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం పది పదిహేనుసార్లు చేయండి. కండరం కదిలితే నిలిచిన నీరు పైకి వెళుతుంది.

6. చెప్పులు: బిగుతు లేని, గాలి ఆడే చెప్పులు వేసుకోండి. పెరట్లోకి వెళ్ళినా వట్టి కాళ్ళతో వెళ్ళకండి. చేలో దిగక తప్పనివారు ఇంటికి రాగానే ముందు కాళ్ళు కడిగి ఆరబెట్టుకోవాలి, తర్వాతే మిగిలిన పని.

జ్వరం వచ్చినప్పుడు

మంచం మీద కాలు ఎత్తుగా పెట్టి విశ్రాంతి తీసుకోండి. చన్నీళ్ళలో తడిపిన గుడ్డ వేయండి. నీళ్ళు, కొబ్బరినీళ్ళు, గంజి ఎక్కువగా తాగండి (మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన మేరకే). జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. క్రిములను చంపే మందులు అవసరమవుతాయి, వాటిని చెప్పినన్ని రోజులూ వాడాలి. ఆ రోజుల్లో కాలికి వ్యాయామం వద్దు.

చేయకూడనివి కూడా తెలుసుకోండి. వేడి కాపడం పెట్టకండి. వాతలు పెట్టించకండి. చెడురక్తం తీస్తామనేవారి చేత గాట్లు పెట్టించకండి. జిల్లేడాకులు, పసర్లు, పేడ కట్టకండి. పగిలిన చర్మంపై ఇవి కొత్త క్రిములను చేరుస్తాయి. "జ్వరంలో కాలికి నీళ్ళు తగలకూడదు" అనే మాటకూ ఆధారం లేదు.

పథ్యం సంగతి

పలానా కూర తింటే బోదకాలు వస్తుందనిగాని, పలానాది మానేస్తే పోతుందనిగాని అనుకోవడం పొరపాటు. పథ్యం పేరిట చేపలు, గుడ్లు, పప్పు మాన్పించి చారు మెతుకులతో సరిపెడితే మనిషి నీరసించి, పుండ్లు మానడం ఆలస్యమవుతుంది. మన కాలువల్లో దొరికే చిన్న చేపలు, పెరటి మునగాకు, తోటకూర, పప్పు, జామకాయ మంచి ఆహారం. బరువు పెరిగితే కాలికి భారం, కాబట్టి వేపుళ్ళు, మిఠాయిలు తగ్గించండి. చక్కెర జబ్బు ఉన్నవారు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే కాలిపుండు మానదు. వారికి ఈ జాగ్రత్తలు రెండింతలు అవసరం.

మాత్రలు, దోమలు

మన దేశంలో జాతీయ పైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. మన రాజమహేంద్రవరంలోనే పైలేరియాపై శిక్షణ, పరిశోధన జరిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2004 నుండి జబ్బు ఉన్న జిల్లాలన్నిటిలో అందరికీ ఏటా డి.ఇ.సి. మాత్రలు పంచడం ప్రారంభించారు. తర్వాత ఆల్బెండజోల్, 2018 నుండి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపారు. జబ్బు బాగా తగ్గిందని సర్వేల్లో తేలిన జిల్లాల్లో పంపిణీ ఆపారు. 2027 నాటికి ఈ జబ్బును దేశంనుండి తొలగించాలన్నది లక్ష్యం.

మీ ఊళ్ళో మాత్రలు ఇస్తే, "నాకు జబ్బు లేదు కదా" అని కిటికీలో దాచకండి. పైకి ఆరోగ్యంగా కనిపించేవారి రక్తంలోనూ పురుగుపిల్లలు ఉండవచ్చు. అవి చనిపోతే దోమకు మోయడానికి ఏమీ ఉండదు. అన్నం తిన్న తర్వాత, సిబ్బంది ఎదుటే మింగండి. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు వేసుకోకూడదు. కొందరికి కొద్దిపాటి జ్వరం, తలనొప్పి రావచ్చు. అది పురుగులు చావడం వల్లే, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

క్యూలెక్స్ దోమ మురికి నీటిలో పుడుతుంది. ఇంటి మురుగుగుంట, మూతలేని సెప్టిక్ ట్యాంకు, కొబ్బరి డొక్కలు నానే గుంట దానికి పుట్టిళ్ళు. గుంటలు పూడ్చండి, ట్యాంకు గొట్టానికి వల కట్టండి, పిల్లలను దోమతెరలో పడుకోబెట్టండి.

ఎవరు కడగాలి?

ఇంతవరకు చెప్పినదంతా రోగి తానే చేసుకోగలడనుకుని చెప్పాను. కాని కాలు బాగా లావైనవారు, ముసలివారు వంగి తమ వేళ్ళ సందులు తాము అందుకోలేరు. మందులు, సబ్బు ఇంట్లో ఉన్నా వారి కాలు శుభ్రపడదు. అప్పుడు ఇంకొకరి చేయి కావాలి.

ఇక్కడే చాలా ఇళ్ళలో వైద్యం ఆగిపోతోంది. ముట్టుకుంటే అంటుకుంటుందని భయం. నిజానికి ముట్టుకోవడం వల్ల, కలిసి భోజనం చేయడం వల్ల, ఒకే మంచంపై పడుకోవడం వల్ల బోదకాలు రాదు. అయినా ఇంట్లో వేరే కంచం, గుడిలో వెనుక వరుస, పెళ్ళిచూపుల్లో చీర కుచ్చిళ్ళ కింద దాచిన పాదం. రోగి కూడా "ఈ కాలు మీరు ముట్టుకోవద్దు" అని వెనక్కి లాక్కుంటారు.

కడరాత్రి భోజనవేళ పేతురుగారు కూడా ఇలాగే వద్దన్నారని యోహాను సువార్త 13వ అధ్యాయంలో చదువుతాం. ప్రభువు ఆ మాట వినలేదు. నడుముకు తువాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, కడిగి, తుడిచారు కూడా. తాను చేసినట్టే ఒకరికొకరు చేయమన్నారు. పవిత్ర గురువారంనాడు గుడిలో పాదాలు కడిగే ఆచారాన్ని మనం భక్తితో చూస్తాం. ఆ వరుసలో స్త్రీలనూ కూర్చోబెట్టవచ్చునని 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు అనుమతించారు. ఇంట్లో వాచిన కాలితో ఉన్న అత్తగారి పాదం మాత్రం ఎవరూ కడగకపోతే ఆ భక్తి సంపూర్ణం కాదు. వైద్యుని గౌరవించమనీ, మందులను ప్రభువే భూమినుండి పుట్టించాడనీ సీరాపుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. కాబట్టి ప్రార్థన, మందు ఒకదానికొకటి పోటీ కాదు.

విచారణలోని మరియదళం సభ్యులు, యువతీయువకులు, మఠకన్యలు ఒక చిన్న పని చేయవచ్చు. మీ పేటలో బోదకాలు ఉన్నవారెవరో తెలుసుకోండి. వారి ఇంటికి వెళ్ళి ఒకసారి మీరే కడిగి చూపించండి. ఇంట్లో ఒకరికి నేర్పండి. టబ్బు, మగ్గు, సబ్బు, తువాలు, మందు ఉన్న కిట్లను ఆరోగ్యశాఖ ద్వారా ఇచ్చే ఏర్పాటు ఉంది, ఏ.ఎన్.ఎం.ను గాని ఆశా కార్యకర్తను గాని అడగండి. రెండు కాళ్ళకూ జబ్బు ముదిరినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక పింఛను ఇస్తోంది. కాగితాలు నింపడం రానివారికి సాయం చేయండి. నెల తర్వాత మళ్ళీ వెళ్ళి, ఈ నెలలో జ్వరం వచ్చిందా అని అడగండి.

ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ ఇంట్లో పెద్దవారి కాలివేళ్ళ సందులు ఒకసారి దీపం వెలుతురులో చూడండి. అక్కడ తడి ఉంటే తుడవండి.