ఆదివారం అమ్మ నోరు ఎట్ల మూసేది?

సమస్య

సార్, మాది ధర్మపురి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. నాకు తెలుగు రాసేది రాదు. పలమనేరులో ఉండే మా పెద్దమ్మ కూతురికి ఫోన్లో చెప్తే, చెప్పింది చెప్పినట్టే రాసి పంపింది. నాకు యాభై రెండేళ్లు. విత్తనాల అంగడి ఉంది.

సాయంత్రమైతే నాలుగు రోడ్ల దగ్గర ఒక కాఫీ బార్‌కి పోతాను. కూర్చునేదానికి ఏమీ ఉండదు, స్టీలు బల్ల చుట్టూ నిలబడి తాగాల్సిందే. మామిడికాయల సీజన్ మొదట్లో ఒకాయప్ప వచ్చి నా ఎదురుగా టంబ్లర్ పెట్టినాడు. గుంటూరు పక్క మనిషి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వచ్చినాడని తర్వాత తెలిసింది. ఫోన్లో పెండ్లాంతో గట్టిగా చెప్తా ఉండాడు: "నా ఎదురుగా ఒకాయన ఉన్నాడు, ఆ మీసం చూస్తే పాత సినిమాల్లో విలనే! కాఫీని గజం ఎత్తు నుంచి తిరగబోస్తన్నాడు, నా చొక్కా ఏమవుద్దో ఏంటో." అంతటితో విడిస్తే పాయె. పొద్దున పండ్లమ్మే ఆమె తెలుగులో మాట్లాడిందంట, ఆమె మాటను వెక్కిరించి చూపించి, నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. అది మా ఇంటి తెలుగు సార్.

ఫోన్ పెట్టేసి నా పక్క చూసి, "సార్, కాపి నల్లా ఇరుక్కా?" అన్నాడు. నేను, "రొంబ నల్లా ఇరుక్కు సార్" అని తమిళంలోనే అన్నాను. అంతే, ఇరుక్కుపోయినాను.

అప్పటి నుంచి దినమూ వస్తాడు. నా ఎదురుగానే ఫోను. ఆయప్పకి షుగరు. పెండ్లానికి "చక్కెర లేకుండా తాగతన్నా" అని చెప్తా, ఇంకో స్పూను వేయమని మాస్టర్‌కి వేలితో సైగ చేస్తాడు. బామ్మర్దితో స్థలం తగాదా. అదీ మొదటి నుంచి తెలుసు. ఒకనాడు బిల్లు నేను కడితే, "విలన్ మంచోడేనే" అని ఇంటికి చెప్పినాడు. నాకు సంతోషమైంది, కానీ మొహంలో చూపించకూడదు గదా.

ఇప్పుడు కష్టం ఏమంటే, కుటుంబాన్ని తెచ్చుకుంటాడంట, బాడుగ ఇల్లు కావాలంట. "పదిహేను వేల దాకా పోదాం, పన్నెండు నుంచి మొదలెడతా" అని పెండ్లానికి చెప్పి, నా పక్క తిరిగి, "సార్, వీడు వాడగైకి ఇరుక్కా?" అని అడిగినాడు. మా మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. ఉంది అనేసినాను! ఈ ఆదివారం పెండ్లాంతో చూసేదానికి వస్తాడు. మా అమ్మకి ఎనభై దాటింది. ఆమెకి తెలుగు తప్ప నోరు తిరగదు. గేటు దగ్గరే "రాండి నాయనా" అంటుంది. ఏం చేసేది సార్? అమ్మను ఆ పొద్దుకి చెల్లెలింటికి పంపేదా?

సలహా

అమ్మగారిని ఎక్కడికీ పంపకండి. ఎనభై దాటిన మనిషిని ఒక టంబ్లర్ కాఫీ కోసం ఇల్లు దాటించడమేమిటి?

మొదటి రోజు మీ తప్పేం లేదు. ఆయన గట్టిగా మాట్లాడాడు, మీకు చెవులున్నాయి. తర్వాత రోజుల సంగతి వేరు. బామ్మర్ది స్థలం గొడవ మొదలైనప్పుడైనా గొంతు సవరించుకుని ఉండాల్సింది. మీకు కథ రుచించింది, ఒప్పుకోండి. నాకూ రుచించింది.

అసలు నొప్పి మీసం దగ్గర లేదు, పండ్లమ్మే ఆవిడ దగ్గర ఉంది. విలన్ అన్నందుకు మీకు కోపం రాలేదు. ఆవిడ మాటకు నవ్వినందుకు నోరు మూసుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 42 లక్షల మంది. గుంటూరాయన వాళ్లలో పండ్లమ్మే ఒక్కావిడను చూసి, అక్కడితో ఐపోయారనుకున్నాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా ఆయన గుంటూరూ, అప్పట్లో సేలం జిల్లాలో ఉన్న మీ ధర్మపురీ ఒకే మద్రాసు రాష్ట్రం. మీ ఇంటి తెలుగు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అక్కడే ఉంది. నవ్వే హక్కు ఆయనకెవరిచ్చారు? నిజానికి "తాగతన్నా", "ఏమవుద్దో" అనే ఆయన మాటకు మా ఆఫీసులో నవ్వేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటకు నవ్వే ఊళ్లూ ఉన్నాయి.

ఇక చేయాల్సింది. శనివారం లోపల, అదే బల్ల దగ్గర, ఆయన ఫోన్ పెట్టేశాక, మీ తెలుగులోనే చెప్పండి: "ఆదివారం వస్తారు గదా, మా అమ్మ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడండి." అంతకు మించి ఒక్క మాట వద్దు. ఆయన మొహం తెల్లబోతుంది. మీసం, విలన్, బామ్మర్ది, అన్నీ వరసగా గుర్తు తెచ్చుకుంటాడు, చివరికి చక్కెర దగ్గరికి వస్తాడు. మీరు సాయం చేయకండి. ఇంకో రెండు కాఫీలు చెప్పండి, ఆయన దాంట్లో చక్కెర సంగతి ఆయన్నే చూసుకోనివ్వండి. ఆదివారం వాళ్లావిడ ముందు ఆ ఊసే ఎత్తొద్దు. అది మీరు విన్నది, మీకు చెప్పింది కాదు.

బాడుగ మాట. ఈ సంభాషణ చెవిన పడకముందు ఆ పోర్షన్‌కి ఎంత అనుకున్నారో అంతే చెప్పండి. పదమూడు అనుకుని ఉంటే పదమూడే. పదిహేను అన్నారో, విలన్ అన్న మాట నిజమైపోతుంది.

ఆయన తిరిగి రాకపోతే? మామిడి గుజ్జు ఫ్యాక్టరీ జీతానికి ధర్మపురిలో ఇళ్లు దొరుకుతాయి, మీకు వేరే బాడుగవాళ్లూ దొరుకుతారు. నాకైతే వస్తాడనే అనిపిస్తోంది. పరాయి ఊళ్లో తెలుగు వినిపించే గేటును వాళ్లావిడ వదులుకోనివ్వదు.

శనివారం దాటనివ్వకండి. ఆదివారం దాకా ఆగితే మీ అమ్మగారే చెప్పేస్తారు.